నీకోసం పది ప్రశ్నలు

"మీ పాప లెక్కలు మీ ఇంట్లో ఎవరు చేస్తున్నారమ్మా?"

నంద్యాల నుంచి ఫోన్ చేసిన మేడమ్ అడిగిన మొదటి మాట అది. నమస్కారం లేదు, బాగున్నారా లేదు. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, నాకు ఒళ్లు అంతకంటే ఎక్కువ ఉడికింది. నా నోటి సంగతి మా వీధిలో అందరికీ తెలుసు, పాపం ఆమెకే తెలియదు. "ఎవరో చేసేదేంది మేడమ్? నా బిడ్డ లెక్కలు నా బిడ్డే చేస్తాంది" అన్నాను.

"అయితే నెలలో ఇరవై ఏడో మెట్టు నుంచి పంతొమ్మిదికి ఎట్లా పడిపోయింది?"

చేతిలో ఉన్న గరిటె పక్కన పెట్టేశాను.

ఆ మెట్లేమిటో ముందు చెప్పాలి. మాది ఆళ్లగడ్డ. మా అమ్మాయి అప్పుడు సర్కారు బడిలో ఎనిమిదో తరగతి. ఆ ఏడు ఒక సంస్థవాళ్లు బడికి వచ్చి, పరీక్ష పెట్టి, నలుగురు పిల్లలను ఏరుకుని తలా ఒక ట్యాబ్ ఇచ్చారు. సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా ఎక్కడో కూర్చున్న టీచరు అందులో పాఠం చెబుతుంది. పాఠం అయ్యాక ట్యాబే ప్రశ్నలు ఇస్తుంది. అందరికీ ఒకటే ప్రశ్నలు కావు. సరిగ్గా చేస్తే ఇంకాస్త కష్టమైనది, తప్పు చేస్తే ఇంకాస్త తేలికైనది, ఎవరి శక్తికి తగ్గట్టు వాళ్లకు. అట్లా ముప్పయ్యో మెట్టు దాకా ఎక్కిన పిల్లలకు నంద్యాలలో ఒక పరీక్ష. అందులో నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా హాస్టల్లో ఉంచి చదివించే బడిలో సీటు. ఎనిమిదో తరగతి పిల్లలకే ఆ అవకాశం, దాటిపోతే మళ్లీ రాదు. మా అమ్మాయి ఆ సీటు మీద ప్రాణం పెట్టుకుంది. ఇరవై ఏడో మెట్టు ఎక్కిన రోజు అన్నం కూడా తినకుండా ఇల్లంతా తిరిగింది.

"మాకు అర్థమయ్యేది ఒక్కటేనమ్మా" అంది ఆ సంస్థ మేడమ్. "ఇదివరకటి మెట్లు ఎవరో చేసిపెట్టారు. ఇప్పుడు పాప సొంతంగా చేస్తుంటే అసలు స్థాయి బయటపడుతోంది. శనివారం పాపను తీసుకుని రండి, ట్యాబ్ కూడా తీసుకురండి. సరైన కారణం లేకపోతే పేరు తీసేస్తాం. వెనక ఇంకా పిల్లలు ఎదురు చూస్తున్నారు."

నేను మళ్లీ గొంతు పెంచబోయాను. ఆమె వినిపించుకోకుండా ఇంకొక మాట చెప్పింది. "తప్పులన్నీ కొలతల పాఠంలోనే ఎక్కువ ఉన్నాయి. అవీ పగలు పదకొండు, పన్నెండు గంటల మధ్య. అమ్మాయి బడికి పోతోందా, ఇంట్లో కూర్చుంటోందా?"

పగలు పదకొండు. ఆ వేళకు మా అమ్మాయి బడిలో ఉంటుంది, మా ఆయన పనిలో ఉంటాడు. ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. సరే మేడమ్, శనివారం వస్తామని చెప్పి ఫోన్ పెట్టేశాను. పప్పు అడుగంటింది.

మాది రాతిపని. ఆళ్లగడ్డలో రోడ్డు పొడుగునా ఉన్న షెడ్లలో మా ఆయన ఒకదాంట్లో విగ్రహాలు చెక్కుతాడు. మా నాయనదీ అదే పని. నేను ఏడో తరగతిలో ఉండగా మా నాయనకు చేతి కింద మనిషి లేకుండా పోయాడు. నన్ను బడి మాన్పించి, రాయి మీద గీతలు గీసే పనిలో పెట్టాడు. లెక్కల్లో నాకు ఎప్పుడూ మంచి మార్కులే. అందుకే ఆ పనికి పనికొచ్చాను, అందుకే బడి పోయింది. దాని మీద నాకు ఇప్పటికీ కడుపుమంటే.

ట్యాబ్‌ను బడికి తీసుకుపోనివ్వరు. పగలంతా అది అల్మారాలో ఉండేది. మా ఇంట్లో దేని మీద చూసినా రాతి దుమ్మే, ఒకరోజు వంట అయ్యాక ట్యాబ్‌ను కూడా కొంగుతో తుడిచాను. తెర వెలిగింది. అంతా ఇంగ్లీషు. మూలన 'తెలుగు' అని ఒక మీట కనబడితే నొక్కాను. అక్షరాలు మారిపోయాయి. 'స్వాగతం. ఈరోజు నీకోసం పది ప్రశ్నలు' అని వచ్చింది.

నీకోసం. మొదట నవ్వొచ్చింది. నాకు ముప్పై ఎనిమిదేళ్లు. పెళ్లికి ముందు చేసిందంతా మా నాయనకోసం, తర్వాత చేసిందంతా వీళ్లకోసం. నాకోసమంటూ పది ఏవైనా సరే, ఎవరైనా పక్కన పెట్టారా? ఆ రాసింది నా గురించి కాదని తెలుసు. తెలిసీ కూర్చున్నాను. చేతులు తుడుచుకుని, తలుపు గడియ పెట్టి మరీ కూర్చున్నాను.

మొదటి రోజు పదికి ఒకటి వచ్చింది. ట్యాబ్ కోప్పడలేదు. 'పరవాలేదు, మళ్లీ ప్రయత్నించు' అంది. మరుసటి రోజు కాస్త తేలికవి ఇచ్చింది, ఆ మరుసటి రోజు ఇంకాస్త తేలికవి. రెండు వారాలకు పదికి ఆరు వచ్చాయి. సరిగ్గా చేసినప్పుడల్లా తెర మీద ఒక బొమ్మపిల్ల చప్పట్లు కొట్టేది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒకరోజు ఆ చప్పట్లకు నాకు ఏడుపొచ్చింది. నాకు చదువు వస్తోందని అనుకున్నాను. అది నాకోసం కిందికి దిగుతోందనే సంగతి నాకు తోచనే లేదు.

ఆ పేజీ పైన 'సాధన' అని రాసి ఉండేది. సాధన అంటే ఉత్తదే అనుకున్నాను. షెడ్డులో కొత్తగా చేరినవాళ్లు పగిలిన రాతి మీద చెయ్యి తిప్పుకుంటారు, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఇదీ అట్లాంటిదే అనుకున్నాను. అయినా లేచేటప్పుడు రోజూ తెరను మళ్లీ ఇంగ్లీషుకు మార్చి పెట్టేదాన్ని.

కొలతల పాఠం దగ్గర మాత్రం ట్యాబ్‌కూ నాకూ రోజూ తగువే. 'ఒక బల్ల పొడవు 36 అంగుళాలు. అది ఎన్ని సెంటీమీటర్లు?' అంటుంది. ఎన్ని అని చెప్పేది? మా ఇళ్లలో అంగుళం అంటే టేపు మీద ఉండేది కాదు. టేపు మీద ఉండేదాన్ని మేము ఇంచి అంటాం. విగ్రహం ముఖం పొడవును పన్నెండు భాగాలు చేస్తే అందులో ఒక భాగం అంగుళం. తొమ్మిది ముఖాల ఎత్తుండే విగ్రహాన్ని నవతాళం అంటారు, దానికి నూట ఎనిమిది అంగుళాలు. విగ్రహం పెద్దదైతే అంగుళమూ పెద్దదే, చిన్నదైతే చిన్నదే. నాకు పన్నెండేళ్లప్పుడు మా నాయన కాగితం పట్టీ మడిచి నేర్పిన లెక్క అది. ఈ ట్యాబేమో విగ్రహం ఎత్తు చెప్పదు, నవతాళమో దశతాళమో చెప్పదు, అంగుళాలు మాత్రం అడుగుతుంది. జవాబు కింద 'ఎందుకో రాయి' అని ఒక గడి ఉండేది. కోపం వచ్చిన రోజున అందులో ఉన్నదున్నట్టు రాసేదాన్ని.

ఆ నెలలోనే మా అమ్మాయి సాయంత్రాలు విసుక్కోవడం మొదలుపెట్టింది. "మా, ఇది నాకు ఐదో క్లాసు లెక్కలు ఇస్తాంది. నిన్న మూడు మెట్లు ఎక్కినా, ఈ పొద్దు చూస్తే మళ్లా కిందుంది."

"నువ్వు సరిగా చెయ్యకుంటే అట్లే ఇస్తాది. మనసు యాడ పెట్టి చేస్తాండావో" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగా నాకు తెలియదు. అంతవరకు నా తప్పు తెలియక చేసిన తప్పే.

ఫోన్ వచ్చిన రోజు సాయంత్రం నుంచి అట్లా చెప్పుకోవడానికి లేదు.

ఆ మేడమ్ మా ఆయనకు కూడా ఫోన్ చేసింది. ఆయన షెడ్డు నుంచి వచ్చి కాళ్లు కూడా కడుక్కోలేదు. గడపలోనే నిలబడి, "ఏందీ, పాప ఎవరితోనో లెక్కలు చేయిస్తాందంట?" అన్నాడు. మామూలుగా ఆయన గొంతు లేవదు. ఆ రోజు లేచింది.

"నేనెవరితో చేయించలేదు నాయనా" అంది అమ్మాయి.

"మరి బడి ఎగ్గొట్టి ఇంట్లో ఉంటాండావంట?"

"ల్యాదు నాయనా. ఒట్టు."

ఆయన నా వైపు తిరిగాడు. "పొద్దంతా ఇంట్లో ఉండేది నువ్వు. నీకు తెల్దా?"

చెప్పాల్సింది అప్పుడే. నోటిదాకా వచ్చింది. కానీ ఆయన చూపు నా మీద ఉంది, అమ్మాయి చూపు నా మీద ఉంది. ఇంత వయసొచ్చి పిల్లదాని ట్యాబ్ పట్టుకుని బొమ్మ చప్పట్లకు కూర్చున్నానని ఎట్లా చెప్పేది? ఆ చూపులు నా మీద నుంచి తప్పాలి, అంతే. నా చెయ్యి లేచింది. "బడికని చెప్పి యాడ తిరుగుతాండావే?" అని అమ్మాయి చెంప మీద ఒకటి కొట్టాను.

ఆమె ఏడవలేదు. చెంప మీద చెయ్యి పెట్టుకుని, నన్ను ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసింది. మా ఆయనే అడ్డం వచ్చాడు. "కొడితే వచ్చేదేముంది, శనివారం పొయ్యి కనుక్కోండి. నాకు లారీకి ఎత్తాల్సిన విగ్రహముంది, నేను రాలేను" అని బయటికి వెళ్లాడు. నేను వంటింట్లోకి పోయి గిన్నెలు తోమాను. తోమినవే మళ్లీ తోమాను.

మరునాడు శుక్రవారం. ట్యాబ్ ఇచ్చినప్పుడు మాతో సంతకం పెట్టించుకున్న కాగితం వెతికి తీశాను. అందులో నాలుగో మాట ఇది: 'విద్యార్థి తప్ప ఇంట్లో ఇతరులు ఎవరూ ఈ పరికరాన్ని వాడరాదు. వాడినట్లు తేలితే విద్యార్థి పేరు తొలగించబడును.' కింద సంతకం నాదే. గుండ్రంగా, ముచ్చటగా పెట్టాను.

అంటే నోరు మూసుకుంటే నా బిడ్డ మోసగత్తె. నోరు విప్పితే నా బిడ్డ పేరే పోతుంది. ఎటు చూసినా దెబ్బ ఆమెకే తగిలేట్టుంది. జ్వరం వచ్చిందని చెబుదామా, కరెంటు పోతోందని చెబుదామా అని రోజంతా అబద్ధాలు అల్లుతూనే ఉన్నాను. ఏదీ పగలు పదకొండు గంటలకు అతకలేదు. సాయంత్రం అమ్మాయి బడి నుంచి వచ్చి, ఆ కాగితం బల్ల మీద కనిపిస్తే తీసి చదివి, మళ్లీ అక్కడే పెట్టింది.

శనివారం ఉదయం దొరికింది నంద్యాల మీదుగా శ్రీశైలం పోయే బస్సు. నిలబడటానికే చోటు లేదు. శిరివెళ్ల దాటాక ఇద్దరికీ సీటు దొరికింది. అమ్మాయి ఒళ్లో ట్యాబ్ పెట్టుకుని, దాని మీద కాగితం పరిచి, ఏవో లెక్కలు వేసుకుంటోంది. పరీక్ష పెడతారేమోనని భయం. ఇప్పుడు చెబుదామనుకున్నాను.

"పాపా" అన్నాను.

"ఏందీ?" తల ఎత్తలేదు.

"నీళ్లు తాగుతావా?"

వద్దంది. నంద్యాల వచ్చేదాకా నేను మళ్లీ నోరు తెరవలేదు. నోరున్నదని పేరు మోసిన ఆడమనిషిని, మాట అవసరమైన చోట నోరు పెగల్లేదు.

వాళ్ల ఆఫీసు బస్టాండుకు కాస్త దూరంలో, ఒక సందులో మేడ మీద ఉంది. రెండు గదులు, వరుసగా కుర్చీలు. మాకంటే ముందే ఒక బురఖా ఆవిడ తన కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని ఉంది. మా అమ్మాయి ఈడుదే. "యాడ నుంచి అక్కా?" అని ఆవిడే పలకరించింది. చెప్పాను. తాము బనగానపల్లె నుంచి వచ్చామంది. "ఒకరి పేరు తీసేస్తాండారంట, మా పాపకు ఆ చోటు రావచ్చు, రమ్మని ఫోన్ చేసినారు" అంది. ఆ ఒకరెవరో ఆవిడకు తెలియదు. ఆవిడ ముఖంలో ఆశ కనబడుతోంది.

మమ్మల్ని పిలిచింది ఒక సారు. కళ్లద్దాలు, మెత్తటి గొంతు. తలుపు తీసే ఉంచాడు, బయట కూర్చున్నవాళ్లకు అన్నీ వినబడతాయి. ట్యాబ్ తీసుకుని తన కంప్యూటరుకు తగిలించాడు. "చూడమ్మా, తప్పు ఒప్పుకుంటే మాకేం కోపం లేదు. పాత మెట్లు ఎవరు చేసిచ్చారు?" అని అమ్మాయిని అడిగాడు.

"నేనే చేసినా సార్."

"మరి ఈ నెల ఏమైంది? సాయంత్రం ఇంగ్లీషులో చేస్తావు, బాగా చేస్తావు. పగలు తెలుగులోకి మార్చి చేస్తావు, అన్నీ తప్పులే. ఒక్క మనిషి చేసినట్టు లేదు కదా?"

అమ్మాయి ముఖం తెల్లబోయింది. పగలు, తెలుగులో అన్న సంగతి ఆమె వినడం అదే మొదలు. సారు తెర వైపు వంగి, "ఇదొకటి. ముప్పై ఆరు అంగుళాల ప్రశ్నకు నువ్వు రాసిన కారణం చదువుతా" అని చదివాడు. "'ఏ విగ్రహానికి? ఎత్తు చెప్పకుండా అంగుళం ఎంతో ఎట్ల చెప్పేది? ప్రశ్న పెట్టేవాడికి బుద్ధి ఉండాల.' ఇది నువ్వు రాసిందేనా?"

అమ్మాయి తల తిప్పి నన్ను చూసింది. రెండు క్షణాలు కూడా చూసి ఉండదు. ఆ అక్షరాల్లో ఎవరి గొంతుందో తెలుసుకోవడానికి ఆమెకు అంతకంటే పట్టలేదు. నేను చూపు దించుకున్నాను. దించుకున్నాక ఆమె గొంతు వినబడింది.

"అవును సార్. నేనే రాసినా."

"ఎందుకు?"

"తమాషాకు సార్."

"పగలు పదకొండింటికా?"

"బడి ఎగ్గొట్టినా సార్."

వరద వచ్చిన రోజు కూడా బడికి పోయిన పిల్ల. ఎందుకట్లా అందో నాకు వెంటనే అర్థమైంది. కాగితంలో నాలుగో మాట ఆమె కూడా చదివింది. తనే ఆకతాయిగా చేశానంటే మెట్టు తగ్గుతుంది, ఇంకా ఎక్కవచ్చు. అమ్మ వాడిందంటే పేరే ఉండదు. అందులో నా పరువు కూడా కలుపుకుందేమో, నాకు తెలియదు. పదమూడేళ్ల పిల్ల రెండు క్షణాల్లో ఆ లెక్క వేసుకుంది. నేను రెండు రోజులు కూర్చుని జ్వరమనీ కరెంటనీ వెతికాను.

సారు నిట్టూర్చాడు. "అయితే పంతొమ్మిదే నీ మెట్టు అనుకోవాలి. ఈ నెలలో ముప్పై దాకా ఎక్కలేవు. పరీక్ష జాబితా నుంచి నీ పేరు తీసేస్తున్నా. బడి ఎగ్గొట్టిన సంగతి మీ హెడ్మాస్టరుకు రాయాలి, అది మా పద్ధతి" అని పెన్ను తీశాడు.

తన లెక్క తప్పిందని అమ్మాయికి అప్పుడు తెలిసింది. పెదవులు బిగపట్టింది గానీ కళ్లు ఆగలేదు. చెంప మీదుగా నీళ్లు కారిపోయాయి. నేను కొట్టిన చెంపే నా వైపు ఉంది.

"సార్, రాయొద్దండి" అన్నాను. "అది నేను. పగలు చేసింది నేను. ఆ పిల్లకు ఏమీ తెల్దు."

"మా, ఊరుకో" అంది అమ్మాయి.

సారు నన్ను చూసి నవ్వాడు. జాలి నవ్వు. "అమ్మలందరూ ఇదే చెప్తారమ్మా. పిల్లల తప్పు నెత్తిన వేసుకుంటారు. ఇట్లాంటివి చాలా చూశాను."

అంతవరకు భయం ఉండింది. ఆ నవ్వుతో భయం పోయి మంట పుట్టింది. "అబద్ధం చెప్తే ఆ పిల్లను నమ్మినారు. నిజం చెప్తే నన్ను నమ్మడం ల్యా. ఏం మనుషులు సార్ మీరు? నన్ను కూర్చోబెట్టి అడగండి, మీకే తెలుస్తాది" అన్నాను.

ఆయన ట్యాబ్ నా ముందుకు జరిపాడు. తెలుగులోకి మార్చి, కొత్త పది ప్రశ్నలు తెప్పించాడు. తలుపు తీసే ఉంది. బనగానపల్లె ఆవిడా, ఆమె కూతురూ అక్కడి నుంచి చూస్తున్నారు. నా కూతురు పక్కనే నిలబడి చూస్తోంది. నేను ఎన్ని తప్పులు చేస్తే నా బిడ్డకు అంత మేలు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా నా పాడు బుద్ధి, ఒక్కటి కూడా కావాలని తప్పు చేయలేకపోయాను. ప్రతి ప్రశ్నకూ వేళ్లు మడిచి, గొణుక్కుని, చెమటలు పట్టి చేశాను. అంత చేసినా పదికి నాలుగే వచ్చాయి. ఒకదానికి బొమ్మపిల్ల చప్పట్లు కొట్టింది. ఆ గదిలో ఆ చప్పుడు వినలేక తల కొట్టేసినట్టయింది.

తొమ్మిదోది అంగుళాల ప్రశ్నే వచ్చింది. "ఒక కాగితం ఇయ్యండి సార్" అన్నాను. పొడుగ్గా ఒక పట్టీ చింపి, తొమ్మిది మడతలు పెట్టాను. "ఇది విగ్రహం ఎత్తు. ఒక మడత ముఖం. ముఖాన్ని పన్నెండు చేస్తే ఒక అంగుళం. విగ్రహం మూడడుగులైతే మీ ముప్పై ఆరు అంగుళాలు ఒక్క అడుగే అవుతాది. తొమ్మిదడుగులైతే మూడడుగులు అవుతాది. ఏ విగ్రహమో చెప్పకుండా నేను యాడ నుంచి తెచ్చి చెప్పేది?"

"మరి ఇంచ్ అంటే?"

"ఇంచి వేరే సార్. ఇంచి టేపు మీద ఉంటాది. అంగుళం విగ్రహం ముఖం మీద ఉంటాది."

సారు ఆ కాగితం పట్టీని వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పాడు. పెన్ను కింద పెట్టాడు. ఆ తర్వాత అమ్మాయి వైపు తిరిగి, "ముప్పై ఆరు ఇంచులు?" అన్నాడు.

"తొంభై ఒకటి పాయింట్ నాలుగు నాలుగు సెంటీమీటర్లు సార్." ముక్కు ఎగబీలుస్తూనే చెప్పింది.

ఆయన అల్మారా తెరిచి ఒక ప్రశ్నపత్రం తీశాడు. ముప్పయ్యో మెట్టుదట, పన్నెండు ప్రశ్నలు. అమ్మాయిని లోపలి గదిలో ఒక్కదాన్నే కూర్చోబెట్టి తలుపు వేశాడు. నలభై నిమిషాలు అన్నాడు.

నేను బయటి కుర్చీలో కూర్చున్నాను. తలుపు వైపు చూస్తే భయం, గడియారం వైపు చూస్తే భయం. బనగానపల్లె ఆవిడ నా వైపు వంగి మెల్లగా అడిగింది. "ఇప్పుడు మేము ఉండాల్నా, పోవాల్నా అక్కా?"

ఏమని చెప్పను? ఆవిడ బిడ్డ కూడా పుస్తకం తెరిచి ఏదో చదువుకుంటోంది. "ఉండమ్మా" అన్నాను.

అమ్మాయి ఐదు నిమిషాలు ముందే బయటికి వచ్చింది. నా పక్కన కుర్చీ ఖాళీగా ఉన్నా గోడకు ఆనుకుని నిలబడింది. సారు దిద్దాడు. పన్నెండుకు పదకొండు. దిద్దిన కాగితం ముందు పెట్టుకుని ఎవరికో ఫోన్ చేసి, చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడాడు. అందులో అమ్మాయికి ఎంత అర్థమైందో గానీ నాకు 'మదర్' అన్న మాట ఒక్కటే తెలిసింది. అది నాలుగైదుసార్లు వినబడింది.

ఫోన్ పెట్టేసి, "పాప పేరు పరీక్ష జాబితాలో ఉంటుంది" అన్నాడు. "కానీ నియమం నియమమేనమ్మా. ట్యాబ్ మాత్రం ఇచ్చేయాలి. ఇక పాఠాలు ఉండవు. పరీక్షకు నెల ఉంది, పుస్తకాలు ఇస్తాం, సొంతంగా చదువుకోవాలి."

అమ్మాయి ట్యాబ్ తీసి చున్నీతో తెర తుడిచి, ఆయన చేతికి ఇచ్చింది. ఆయన అక్కడికక్కడే బనగానపల్లె పాపను పిలిచి, కాగితం మీద వాళ్లమ్మ సంతకం తీసుకుని ఆ పాపకు ఇచ్చాడు. మేము మెట్లు దిగబోతుంటే మా అమ్మాయి వెనక్కి తిరిగి, "కొలతల పాఠం ఇంగ్లీషులోనే పెట్టుకో" అని ఆ పాపకు చెప్పింది.

నెల తర్వాత పరీక్ష రాసింది. సీటొచ్చింది, ఆ బడిలోనే చదువుతోంది. అందరూ అడిగేది ఆ సంగతే, నేనూ అందరికీ అదే చెబుతాను. ఆ రోజు బస్టాండులో జరిగింది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆళ్లగడ్డ బస్సు ఇంకా రాలేదు. ఇద్దరం ఒకే బెంచీ మీద, మధ్యలో పుస్తకాల కట్ట పెట్టుకుని కూర్చున్నాం. నాకు ఎక్కడలేని సంతోషం కలిగింది. పేరు నిలబడింది, నిజం చెప్పేశాను, బరువు దిగిందనుకున్నాను. ఏమైనా తింటావా అని అడగబోయాను.

"మా" అంది.

"చెప్పు పాపా."

"మొన్న సాయంత్రం నన్ను కొట్టేటప్పుడు, ఆ లెక్కలు చేసింది నువ్వేనని నీకు తెలుసా?"

తెలియదని చెప్పవచ్చు. ఆమె నమ్మేది కూడా. నమ్మాలనే అడుగుతోందని ఆమె గొంతులో తెలుస్తోంది.

"తెలుసు" అన్నాను.

ఆమె తల ఊపింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు.

"నాయనకు తెలుసా?"

"తెల్దు. ఇంటికి పొయ్యి చెప్తాలే."

"ఇంటికి పోయేదాకా ఏంటికి? అంతసేపు నాయన నన్నే అనుకుంటా ఉంటాడు. ఇప్పుడే చెప్పు" అంది. నా సంచిలో నుంచి ఫోన్ తీసి, తనే నంబరు నొక్కి నా చేతిలో పెట్టింది.

ఆయన ఫోన్ ఎత్తాడు. షెడ్డులో గ్రైండరు మోత. "ఏమన్నారు? పాపదే తప్పా?" అంటున్నాడు. నేను చెప్పాను. చిన్న గొంతుతో, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని చెప్పాను.

"ఏందీ? వినపడల్యా. గట్టిగా చెప్పు" అన్నాడు.

అమ్మాయి నన్నే చూస్తోంది. చుట్టూ బెంచీల నిండా జనం. నేను చెయ్యి తీసేశాను. "పాప కాదయ్యా, ఆ లెక్కలు చేసింది నేను. తెలిసి తెలిసి పాపను కొట్టినా" అని ఆ బస్టాండులో అందరికీ వినబడేట్టు చెప్పాను.